సౌండ్ సిస్టం ఆపరేటర్ల సంఘం వార్షిక నివేదిక: మైకుల మరమ్మతు విభాగం

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మకు ముందు, ఐనవోలు మల్లన్న జాతర అయ్యాక హనుమకొండలో మరమ్మతు శిబిరాలు పెట్టాం. చందాల లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

శిబిరాల్లో ఎక్కువగా విన్న ఫిర్యాదు, మైకు చేత పట్టుకుంటే గరగర, దబదబ. డైనమిక్ మైకులో పల్చని పొరకు అతికిన కాయిల్ అయస్కాంతం సందులో ఆడుతుంటుంది. బాడీ అదిరితే అయస్కాంతం దాంతోపాటే కదులుతుంది, కాయిల్ తన బరువుకు వెనకబడుతుంది. గొంతైనా చేతి రాపిడైనా కాయిల్‌కు ఒకటే, కదలిక ఉంటే సిగ్నల్ పుడుతుంది. అందుకే 1966లో వచ్చిన షూర్ కంపెనీ ఎస్ఎం58 మైకులో క్యాప్సూల్‌ను (పొర, కాయిల్, అయస్కాంతం ఉన్న లోపలి భాగం) గొట్టానికి నేరుగా బిగించకుండా, రబ్బరూ గాలీ కలిసిన ఆసరా మీద నిలిపారు. మైకు కిందపడ్డప్పుడు పైనున్న ఉక్కు జాలీ తాను సొట్టపోయి లోపలి దాన్ని కాపాడుతుంది. సొట్ట జాలీని మార్చేస్తే సరి. భయపడాల్సింది గట్టిపడ్డ రబ్బరుకే, అది పైకి కనిపించదు. అదే మోడల్ మంచి మైకును పక్కన పెట్టి, ఒకే గెయిన్‌లో (మిక్సర్‌లో సిగ్నల్ పెంచే స్థాయి) రెండింటి గొట్టాల మీదా గోటితో తట్టి చూడండి. తేడా తెలుస్తుంది. ఊడిన రబ్బరును క్విక్ గమ్ముతో అతికించొద్దు. ఆ అతుకు రాయిలా గట్టిపడి అదురును నేరుగా లోపలికి పంపుతుంది. ఆసరాతో సహా క్యాప్సూల్ మార్చాల్సిందే.

జాతరలో బండారి (పసుపు), దుమ్ము, ఉమ్మి తడి కలిసి జాలీ లోపలి స్పాంజీలో పేరుకుంటే గొంతు మందంగా వస్తుంది. జాలీ విప్పి సబ్బునీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. మైకును తలకిందులుగా పట్టి క్యాప్సూల్ మీద మెత్తని బ్రష్ ఆడించాలి. కంప్రెసర్ గాలి కొడితే పొర పోతుంది. ఇనుప రజను ఉన్న బల్ల మీద జాలీ విప్పొద్దు, అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది.

గరగర అన్నదల్లా మైకుది కాదు. కేబుల్ ఎక్కువగా కనెక్టర్ మెడ దగ్గరే తెగుతుంది. మల్టీమీటర్ పెట్టి, అక్కడ వంచుతూ చూడండి. జానెడు కోసి మళ్లీ సోల్డర్ చేయాలి: కనెక్టర్‌లో 1వ పిన్నుకి షీల్డ్ (తీగల చుట్టూ ఉండే అల్లిక), 2కి హాట్, 3కి కోల్డ్ (రెండు సిగ్నల్ తీగలు). క్లాంపు పై తొడుగును పట్టాలి, లోపలి తీగల్ని కాదు. కోలాటం స్టేజీ మీద స్టాండు కింద రబ్బరు మ్యాట్ వేసి, మిక్సర్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లోకట్ (అంతకన్నా లోతైన శబ్దాలను తగ్గించే బటన్) నొక్కండి. అడుగుల దబదబ చాలావరకు పోతుంది.

ఒగ్గు కళాకారులు జాలీని గుప్పిట్లో మూస్తారు. అప్పుడు క్యాప్సూల్ వెనక రంధ్రాలు మూతపడి మైకు ముందువైపే కాక నలువైపులా వింటుంది, మానిటర్ (కళాకారుల వైపు పెట్టే స్పీకర్) కూత పెడుతుంది. ఫేడర్ (మిక్సర్‌లో సౌండు పెంచి తగ్గించే మీట) దించేకంటే చెయ్యి కిందికి జరపమని చెప్పడమే మేలు.

జాలీలు, స్పాంజీలు, కనెక్టర్లు సంఘం దగ్గర కొన్న ధరకే దొరుకుతాయి. మేడారం పనులు ఒప్పుకున్నవారు నెల ముందే చెప్పి పెట్టుకోవాలి.