2024–25 వార్షిక నివేదిక: మన కమ్యూనిటీ హాలు, వంటగది పనులు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది జెండా పండుగలు, బతుకమ్మ, ఉచిత కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు నోటీసు బోర్డులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఈ నివేదికలో ముఖ్యంగా చెప్పాల్సింది హాలు వంటగది గురించే.

హాలు కట్టినప్పటి నుంచి ఆ వంటగదిని ఎవరూ పట్టించుకోలేదు. గోడలకు జిడ్డు, టైల్స్ మధ్య నల్లటి గీతలు, వేలాడే అలమర తలుపులు, ఒకే ఒక్క ట్యూబ్‌లైటు. మన పిల్లల అన్నప్రాశనలకు కూడా మనవాళ్లు బయట హాళ్లు తీసుకునేవారు. అంతా పగలగొట్టి మాడ్యులర్ కిచెన్ పెట్టడానికి కాంట్రాక్టర్ ఇచ్చిన అంచనా లక్షల్లో ఉంది. సర్వసభ్య సమావేశం మంజూరు చేసింది 60 వేలు. అందుకని గోడ పగలగొట్టకూడదు, పైపు జరపకూడదు, పొయ్యి చోటు మార్చకూడదు అని కార్యవర్గం ముందే తీర్మానించుకుంది.

పని మే నెలలో పెట్టుకున్నాం. వానాకాలంలో ఎనామిల్ రంగు త్వరగా ఆరదు, వాసన రోజుల తరబడి నిలిచిపోతుంది. రంగు కొనడానికి ముందే వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి గోడలు, తలుపులు కడిగించాం. జిడ్డు మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలుగా లేచిపోతుంది. అలమర తలుపులు మార్చలేదు. శాండ్ పేపర్ పట్టి, ప్రైమర్ వేసి, రెండు కోట్లు ఎనామిల్ వేయించాం. కొత్తగా కొన్నవి బందులు, హ్యాండిళ్లు మాత్రమే. టైల్స్ కూడా పాతవే. మధ్యలో నల్లబడిన సిమెంటు గీకించి ఎపాక్సీ గ్రౌట్ నింపించాం. తెల్ల సిమెంటుతో పోలిస్తే ఖరీదు ఎక్కువే కానీ పసుపు, నూనె మరకలు అంత తేలిగ్గా పట్టవు.

వంట గట్టు గురించి పెద్ద చర్చే జరిగింది. అది కడప బండ. యాసిడ్ పోసి రుద్దితే మెరుస్తుందని కొందరు గట్టిగా పట్టుబట్టారు. కడప బండ సున్నపురాయి జాతి, యాసిడ్ తగిలితే తెల్లమచ్చలు పడతాయి. చింతపండు పులుసు ఒలికి తుడవకుండా వదిలేసిన చోట్ల పడిన మచ్చలు మీరూ చూసే ఉంటారు. పాలిష్ మేస్త్రిని పిలిపించి మిషన్‌తో పట్టించాం. ఇప్పుడా గట్టు నల్లగా నిగనిగలాడుతోంది. గ్రానైట్ ఎప్పుడు వేశారని అడిగినవాళ్లు ఉన్నారు!

గ్యాస్ పైపు, రెగ్యులేటర్ కొత్తవి వేశాం. ఎలుకలు వస్తున్నాయి, నేల దగ్గరి జాలీ మూసేయమని కొందరన్నారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, బయటికి పోవడానికి ఆ జాలీయే దారి. కాబట్టి జాలీ మూయకుండా దానికి సన్నటి ఇనుప వల బిగించాం. దయచేసి దానికి అట్టముక్కలు అడ్డం పెట్టకండి. ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్లు హాలుకు తేవద్దని కూడా మనవి. ఇక్కడ 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి.

ఈ ఏడాది మన కాలనీకి గర్వకారణం వినాయక నవరాత్రుల అన్నదానం. మొదటిసారి క్యాటరింగ్ లేకుండా మహిళా విభాగం వాళ్లే పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, దద్దోజనం అన్నీ ఇక్కడే వండారు. అటక కింద, పొయ్యికి సరిగ్గా పైన ఎల్ఈడీ లైట్లు పెట్టించడంతో వండేవాళ్ల నీడ మూకుడు మీద పడటం లేదు. పోపు పెడుతున్న పెద్దావిడ ఒకరు, "ఇన్నాళ్లకు మిరపకాయలు వేగాయో మాడాయో కంటితో చూసి చెప్పగలుగుతున్నా" అన్నారు. కార్యదర్శిగా నాకు ఇంతకన్నా పెద్ద సన్మానం అక్కర్లేదు. మొదటి బంతి నుంచి చివరి బంతి వరకు ఒక్కరు కూడా అన్నం తక్కువైందని అనలేదు.

గోడలు కడిగిన మహిళా విభాగానికి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ విరాళమిచ్చిన మూడో వీధి దంపతులకు, కూలి తీసుకోకుండా వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, పాత గుండిగలకు కళాయి వేయించిన పెద్దలకు, ఎండలో శాండ్ పేపర్ పట్టిన ఇంటర్ పిల్లలకు, రోజూ తాళం తీసి టీ పెట్టిచ్చిన వాచ్‌మన్ కుటుంబానికి సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

బాధ కలిగించిన విషయాలు కూడా చెప్పాలి. వాట్సాప్‌లో పేరిచ్చినవాళ్లలో సగం మంది కూడా పనికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పని పూర్తయ్యాక బుకింగ్ కోసం ముందుగా వచ్చింది మాత్రం వాళ్లే. సింకు నీళ్లు పోయే బయటి డ్రైనేజీ గురించి అధికారులకు అర్జీలిస్తూనే ఉన్నాం. రసీదులు ఫైలునిండా ఉన్నాయి, మనిషి మాత్రం రాలేదు. లోపల ఎంత శుభ్రం చేసుకున్నా ఆ డ్రైనేజీ పొంగిన రోజున వంటగదిలో నిలబడలేం.

ఖర్చు మంజూరైన మొత్తం దాటలేదు. ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు, బిల్లులు ఆఫీసులో చూసుకోవచ్చు.

ఇకపై హాలు తీసుకున్నవాళ్లు గట్టు తుడిచి, సింకు జాలీ శుభ్రం చేసి, వాచ్‌మన్‌కు చూపించాకే డిపాజిట్ వాపసు ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆమోదించగలరు. డ్రైనేజీ విషయమై వచ్చే నెల అధికారుల ఆఫీసుకు వెళ్లేటప్పుడు వీధికి ఇద్దరు చొప్పున నాతో రావాలి. పేర్లు సమావేశంలోనే రాయించండి.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున