బోటు ఒడ్డున ఉన్నప్పుడే చూడండి: మత్స్యశాఖ మంత్రి గారికి ఒక సరంగు లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

కాకినాడ నుంచి ఒక పాత సరంగు, అంటే వేట బోటు నడిపినవాడు, నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

అయ్యా, ఇంకో పది రోజుల్లో వేట విరామం మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను బోటు ఏదీ సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటిని వదిలేయాలని పెట్టిన నియమం. 2015కి ముందు ఇది 47 రోజులే ఉండేది. పెంచినప్పుడు మా రేవులో చాలామంది కోప్పడ్డారు, నేనూ కోప్పడ్డాను. ఇప్పుడు ఆ కోపం లేదు. ఈ రెండు నెలలు ఇల్లు గడవడానికి ఇచ్చే సాయాన్ని 2025లో ప్రభుత్వం 20 వేల రూపాయలకు పెంచింది. అది మా వాడలో ఎన్ని ఇళ్లలో అప్పు ఆపిందో నేను కళ్లారా చూశాను.

ఈ ఉత్తరం డబ్బు కోసం కాదు. బోట్లన్నీ ఒడ్డున ఉండే ఈ 61 రోజుల్లోనే చేయదగిన ఒక పని గురించి. జూన్ 14 అర్ధరాత్రి దాటాక రేవు నుంచి కదిలే ప్రతి బోటునూ అంతకుముందే, అది ఒడ్డున ఉండగానే, పని తెలిసినవాళ్ల చేత చూపించండి. బాగోలేనిదాన్ని బాగు చేయించండి. నేను అడిగేది ఇదొక్కటే.

వేటకు పోయే బోటును ఎవరూ సరిగ్గా చూడలేరు. పది పదిహేను రోజులు సముద్రంలో ఉండి వస్తుంది, ఒక పూటలో చేప దించుతారు, ఐసు, డీజిలు, నీళ్లు ఎక్కించుకుని మళ్లీ పోతుంది. ఆ హడావుడిలో అధికారి వచ్చినా ఏం చూస్తాడు? కాగితాలు చూస్తాడు. అదే విరామంలో అయితే బోటును ఒడ్డు మీదికి లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకుతాం. చెక్కలు ఎక్కడ మెత్తబడ్డాయో సుత్తితో కొట్టి చప్పుడు విని చెప్పొచ్చు. బోటును నడిపే అడుగు ఫ్యాను ఇరుసు దగ్గర నీళ్లు కారుతున్నాయా, బ్యాటరీ వైర్లు తుప్పు పట్టాయా, డీజిల్ పైపు పగిలిందా, వంట గ్యాసు సిలిండరు ఇంజను గదికి ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ ఆ రెండు నెలల్లోనే కళ్లకు కనిపిస్తాయి. యజమాని అప్పటికే మేస్త్రీని, మెకానిక్కుని పెట్టుకుని ఉంటాడు. ఇంకొక్క రోజు పని, అంతే.

తనిఖీలు ఇప్పటికే జరుగుతున్నాయి కదా అని మీ అధికారులు చెప్పొచ్చు. జరుగుతాయి. అవి ఎలా జరుగుతాయో చెప్పడానికే నేను ఈ లేఖ రాయడం మొదలుపెట్టాను.

పదిహేనేళ్లు దాటింది. వేట విరామంలో ఒకరోజు ఒక ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఆరు బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. మనిషికొక లైఫ్ జాకెట్ ఉందా లేదా చూసి ఫొటో తీసుకోవాలి. మా దగ్గరున్నవి మొత్తం పది, అవి కూడా కవరు విప్పనివి. మొదటి బోటులో చూపించాం. వాళ్లు రెండో బోటు దగ్గరికి నడిచి వచ్చేలోపు వెనకవైపు నుంచి అవే జాకెట్లు అక్కడికి చేరాయి. అలా ఆరు బోట్లకూ అవే పది. ఆ మూట మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు అది తప్పనిపించలేదు, యజమానికి సాయం చేస్తున్నామనుకున్నాం.

ఆ జూన్‌లోనే విరామం అయ్యాక మొదటి వేటకు వెళ్లాం. బోటు సరంగును నేను. మా బావ, అంటే మా అక్క భర్త, కలాసీగా (బోటు పనివాడిగా) వచ్చాడు. అంతర్వేదికి ఎదురుగా, ఒడ్డు కనిపించనంత దూరంలో వల లాగుతున్నాం. రాత్రి రెండు దాటాక బావ లేచి బోటు వెనక్కి వెళ్లాడట. మా బోట్లలో మరుగుదొడ్డి ఉండదు సార్. అంచు మీద నిలబడి తాడు పట్టుకోవాలి. ఆయన వెళ్లడం ఒకడు నిద్రమత్తులో చూశాడు, తిరిగి రావడం ఎవరూ చూడలేదు. తెల్లవారుజామున టీ పెట్టి పిలిస్తే మనిషి లేడు. బోటు తిప్పి మధ్యాహ్నం దాకా వెతికాం. వైర్‌లెస్‌లో చెప్తే మరో మూడు బోట్లు వేట ఆపి వచ్చి వెతికాయి. దొరకలేదు.

ఆ రాత్రి మా బోటులో ఉన్నవి రెండే జాకెట్లు. అవి కూడా వల కుప్ప కింద ఉన్నాయి. పదీ ఉన్నా బావ వేసుకునేవాడా? నిజం చెప్పాలంటే, వేసుకునేవాడు కాదు. నిద్రలేచి రెండు నిమిషాల పనికి వెళ్లే మనిషి ఆ మందపాటి నారింజ రంగు జాకెట్ తొడుక్కోడు. అందుకే జాకెట్లు లెక్కపెట్టి ఊరుకునే తనిఖీ మాకు చాలదంటున్నాను. ఆ అంచుకు నడుం ఎత్తున ఇనుప గొట్టం రెయిలింగ్ వేసి ఉంటే ఆయన బతికేవాడు. ఒక మూల తలుపున్న చిన్న మరుగుదొడ్డి ఉన్నా బతికేవాడు. రాత్రిపూట వెనక్కి పోయి తిరిగి రానివాళ్ల కథ మా రేవులో ఏ సరంగును అడిగినా ఒకటైనా చెప్తాడు. మరపడవలకు వెనక భాగాన రెయిలింగ్, మరుగుదొడ్డి తప్పనిసరి చేయండి, అందుకు సబ్సిడీ ఇవ్వండి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

జాకెట్ల సంగతీ చెప్పాలి. మావాళ్లు వేసుకోకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వల లాగేటప్పుడు ఆ జాకెట్ చేతులకు అడ్డం. దాని పట్టీ వలలో చిక్కుకుంటే మనిషినే లాగేస్తుంది. జూన్ ఉక్కలో పది నిమిషాలు కూడా ఒంటి మీద ఉంచలేం. పని చేసేటప్పుడు వేసుకోగలిగేది, పలచగా, పట్టీలు వేలాడకుండా, బనీనులా ఒంటికి పట్టి ఉండేది కావాలి. కొనే ముందు నాలుగు రకాలు తెప్పించి మా కలాసీల చేత ఒక వారం వేయించి చూడండి. వాళ్లు ఏది విప్పకుండా ఉంచుకుంటారో అదే కొనండి. ఈత వచ్చు కదా మాకెందుకు అనేవాళ్లున్నారు. మా బావకు నాకంటే బాగా ఈత వచ్చు.

ఇక మా అక్క పడిన బాధ వేరు. శవం దొరకలేదు. ఆ రోజు బోటులో ఎవరెవరు వెళ్లారో రాసిన కాగితం రేవులో ఎక్కడా లేదు. తన భర్త ఆ బోటు ఎక్కాడని నిరూపించడానికే ఏడాది పైన ఆఫీసుల చుట్టూ తిరిగింది. మేం ఏడుగురం సాక్ష్యం చెప్పినా చాలలేదు. వేటకు పోయే ముందు మనుషుల పేర్లు, ఆధార్, ఇంటి ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి రేవులో ఇచ్చి పోయే పద్ధతి ప్రతి రేవులో, ప్రతి బోటుకూ గట్టిగా అమలు కావాలి. ఫోనులో అయినా సరే, పుస్తకంలో అయినా సరే. ఇది ఖర్చు లేని పని.

విరామంలో ఇంకొక ప్రమాదం ఉంది, బయటివాళ్లకు తెలియదు. చేప, ఐసు వేసే గది వారాల తరబడి మూసి ఉంటుంది. అడుగున మిగిలిన చేప నీరు కుళ్లి విషవాయువు పుడుతుంది. శుభ్రం చేయడానికి కుర్రాడు మూత తీసి నేరుగా దిగుతాడు, అక్కడే పడిపోతాడు. వాడిని పైకి తేవడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, ఫ్యాను పెట్టాలి, నడుముకు తాడు కట్టుకోకుండా దిగకూడదు, పైన ఒకడు తాడు పట్టుకుని ఉండాలి. ఈ నాలుగు మాటలు రేవులో మైకులో చెప్పించండి. ఏప్రిల్ చివర్లో చెప్పించండి, జూన్‌లో చెప్తే ఆలస్యం.

సముద్రం మీద సాయం పిలవడానికి ఇప్పుడు మా కాలం కంటే మంచి వస్తువులొచ్చాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశంలో లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగిస్తామన్నారు. ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది కాబట్టి సెల్ సిగ్నల్ లేనిచోటా కబురు పంపొచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. చాలా మంచి పని. కానీ పెట్టె బిగిస్తే సరిపోదు, చీకట్లో, బోటు ఊగుతుండగా దాని మీట నొక్కడం బోటులో ఉన్న ఆఖరి కుర్రాడికి కూడా రావాలి. ఆపద వస్తే ముందు పడిపోయేది సరంగే కావచ్చు. కోస్ట్ గార్డు నంబరు 1554 అని ఎంతమందికి తెలుసో రేవులో అడిగి చూడండి. ఆ నాలుగు అంకెలు ప్రతి బోటు కేబిన్ గోడ మీద పెయింటుతో రాయించాలి. స్టిక్కరు ఉప్పుగాలికి నెల రోజులు కూడా నిలవదు.

ఇప్పుడు నది గురించి. టూరిస్టు బోట్లు, లాంచీలు మీ శాఖ కిందికి రావని నాకు తెలుసు. కానీ కేబినెట్‌లో మీ పక్కన కూర్చునేవాళ్ల శాఖలే కదా, ఈ మాట వాళ్లకు చేర్చండి. వేసవి సెలవులంటే గోదావరి మీద పాపికొండల బోట్లు, దిండిలో హౌస్‌బోట్లు, విజయవాడలో భవానీ ద్వీపం. పిల్లాపాపలతో జనం ఎక్కే కాలం ఇదే.

2018 మే నెలలో దేవీపట్నం దగ్గర పాపికొండల టూరు బోటుకు నిప్పంటుకుంది. దేవుడి దయ, ప్రయాణికులు బయటపడ్డారు. నాలుగు రోజులకే, మే 15న, అదే మండలంలో మంటూరు దగ్గర గిరిజనులు ప్రయాణిస్తున్న లాంచీ ఈదురుగాలికి మునిగిపోయింది. వాన జల్లు పడుతుందని తలుపులు, కిటికీలు మూసేశారు. లోపలివాళ్లు ఈత వచ్చినా బయటకు రాలేకపోయారు. అంతకు ముందు ఏడాది నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం వద్ద, అనుమతి లేని బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది. ఆ రోజు గోదావరి వరదలో ఉంది, వెళ్లకూడని రోజు. మునిగిన బోటును తీసింది మా కాకినాడ వాళ్లే. ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి వెతికి అక్టోబరు 22న, 38వ రోజున, పైకి లాగింది. ఆ పని టీవీలో చూస్తున్నప్పుడు మా వాడలో ఎవరూ మాట్లాడలేదు. బోటు పైకొస్తే లోపల ఏముంటుందో మాకు తెలుసు.

కచ్చులూరు తర్వాత నది ఒడ్డున కంట్రోల్ రూములు వచ్చాయి, బోటు కదిలే ముందే చూసే పద్ధతి వచ్చింది. సంతోషం. ఆ శ్రద్ధ మే నెల సాయంత్రాల మీద కూడా ఉండాలి. వేసవిలో గోదావరి ఉదయం అద్దంలా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకూడదు. మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మితే పావుగంటలో గాలి లేస్తుంది. వాతావరణశాఖ పిడుగులు, ఈదురుగాలుల హెచ్చరిక ఇచ్చిన పూట బోట్లు కట్టేయాలి. టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వాలంటే యజమానికి కష్టమే. అలాంటి రోజు ఆపినందుకు అతనికి నష్టం రాకుండా ఏదైనా దారి చూడండి, అప్పుడు అతనే ఆపుతాడు. అలాగే జాకెట్ ఎక్కేటప్పుడు వేయించి భోజనాల దగ్గర విప్పనిస్తే లాభం లేదు, దిగేదాకా ఒంటి మీదే ఉండాలి. కిటికీకి చువ్వలు, బిగించే తలుపులు ఉన్న ప్రయాణికుల బోటుకు అనుమతి ఇవ్వొద్దు.

మళ్లీ మా రేవు దగ్గరికొస్తాను. తనిఖీ ఎవరు చేయాలని అడిగితే, ఒక అధికారి, ఒక ఇంజను మెకానిక్, ఒక వడ్రంగి మేస్త్రీ, రిటైరైన సరంగు ఒకరు. నలుగురూ కలిసి బోటు ఎక్కాలి. సరంగును మోసం చేసి జాకెట్ల మూట దాటించలేరు. మొదటిసారే జరిమానా వేయొద్దు, వేస్తే మళ్లీ దాచడం మొదలవుతుంది. ఏం బాగోలేదో కాగితం మీద రాసి ఇవ్వండి, నెల రోజులు గడువివ్వండి, ఖర్చులో కొంత సబ్సిడీగా భరించండి. జూన్ మొదటి వారంలో మళ్లీ రండి. అప్పటికీ చేయించని బోటుకు మాత్రం లీటరుకు ఇచ్చే డీజిల్ సబ్సిడీ ఆపండి. ఈ మాట అన్నందుకు యజమానులు నా మీద కోప్పడతారు. పడనివ్వండి. వాళ్లలో సగం మంది నాతో పాటు కలాసీలుగా మొదలైనవాళ్లే, నేనేం చెప్తున్నానో వాళ్లకు తెలుసు.

ఏప్రిల్ 16న పొద్దున్నే మా కుంభాభిషేకం రేవుకు రండి అయ్యా. ముందుగా ఎవరికీ చెప్పొద్దు. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, కుర్రాళ్లు వలలు విప్పుతుంటారు. ఏదో ఒక బోటు ఎక్కి వెనక అంచు దగ్గర నిలబడి, పట్టుకోవడానికి అక్కడేముందో చూడండి. మీ వెంట నేనుంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక పాత సరంగు,
కాకినాడ