హార్మోన్లు ఆపేస్తేనే ఎముకలకు ముప్పు

అయ్యా,

హార్మోన్ మాత్రలు ఎముకల్ని తినేస్తాయన్న మాట మా రాయగడలోనూ, గుణుపురం వైపూ ట్రాన్స్ మహిళల మధ్య తిరుగుతోంది. ఆ భయంతో మందులు మానేసినవాళ్లు నాకు తెలుసు. నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఎముక గట్టిగా ఉండాలంటే ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కావాలి. మగవాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కొంత ఈస్ట్రోజన్‌గా మారి ఆ పని చేస్తుంది. నిర్వాణం అని హిజ్రాలు పిలిచే ఆపరేషన్‌లో వృషణాలు తీసేశాక ఆ దారి మూసుకుపోతుంది. ఆ పైన ఈస్ట్రోజన్ మందు కూడా లేకపోతే, ముట్లాగిన ఆడవాళ్లకు అయినట్టే ఎముకలు గుల్లబారతాయి. ఇదేమో పాతికేళ్ల వయసుకే మొదలవొచ్చు. నొప్పి ఉండదు, తుంటి ఎముకో వెన్నుపూసో విరిగేదాకా తెలియదు. ఎప్పుడో నిర్వాణం చేయించుకుని, తర్వాత ఒక్క మాత్రా వేసుకోని పెద్దవాళ్ల గురించే నా బెంగంతా. అండాశయాలు తీయించుకుని టెస్టోస్టిరాన్ మానేసిన ట్రాన్స్ పురుషులకూ ఇదే ముప్పు.

అలాగని ఎవరికి వారు డోసు పెంచుకోకూడదు, రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. చోడి (రాగి) అంబలి తాగమని, ఎండలో నడవమని చెప్పడం మంచిదే. సిగరెట్టు, సారా మానమనడమూ మంచిదే. కానీ అవేవీ హార్మోన్‌కు బదులు కావు.

మామూలుగా 60 ఏళ్లకు ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించాలని, ఆపరేషన్ తర్వాత హార్మోన్లు సరిగా వాడనివాళ్లకు అంతకంటే ముందే చేయించాలని 2017లో హార్మోన్ వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ సూచించింది. మన దగ్గర ఆ మాట చెప్పేవారేరి? షాపులో ఒక నెల మందు దొరికితే మరో నెల దొరకదు. విశాఖ వెళ్లి తెచ్చుకుందామంటే రైలు చార్జీతో పాటు ఆ రోజు సంపాదన కూడా పోతుంది.

హార్మోన్ వైద్యం, దానికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ అందేలా చూడాలని 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 15వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. కాబట్టి సరిహద్దు జిల్లాల పెద్దాసుపత్రుల్లో ఈ మందులు నెలనెలా తప్పకుండా ఇవ్వాలి. అవసరమైనవాళ్లకు డెక్సా స్కాన్ ఉచితంగా చేయించాలి. మందు ఎందుకు ఆపకూడదో వివరించే కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ చేతికివ్వాలి.

ఒక పాఠకురాలు,
రాయగడ, ఒడిశా