అది నిద్ర కోసం చేసిన సంగీతం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల వెలువడిన ఒక సింథసైజర్ (ఎలక్ట్రానిక్ పద్ధతిలో ధ్వనిని పుట్టించే వాద్యం) ఆల్బమ్ గురించి మీ సంగీత పేజీలో వచ్చిన నాలుగు వాక్యాల పరిచయం చదివాను. నలభై నిమిషాలపాటు ఏమీ జరగదని, నిద్ర పట్టనివారికి మాత్రం పనికొస్తుందని అందులో తేల్చేశారు. ఆల్బమ్ నచ్చడం నచ్చకపోవడం సమీక్షకుల ఇష్టం, దానితో నాకు పేచీ లేదు. కానీ నిలిపి పట్టిన స్వరాలను అతి నెమ్మదిగా మారుస్తూ పోయే యాంబియెంట్ డ్రోన్ అనే ఈ పద్ధతిలో జరిగేదేమిటో ఒక్క ముక్కయినా చెప్పకుండా ఏమీ జరగదని రాయడం, ఆ సంగీతానికే కాక దాన్ని ఎన్నడూ వినని పాఠకులకు కూడా అన్యాయమేనని మనవి.

ఆ ఆల్బమ్‌లోని మొదటి భాగాన్నే తీసుకుందాం. మొదలవగానే మంద్రంలో ఒకే స్వరం నిలిచి ఉన్నట్టు తోస్తుంది గానీ, కాస్త చెవి పెడితే అక్కడ ఉన్నవి దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు స్వరాలని తెలుస్తుంది. ఉదాహరణకు సింథసైజర్‌లో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్‌లలో ఒకదాన్ని 110 హెర్ట్జ్ (సెకనుకు 110 కంపనాలు) వద్ద, రెండోదాన్ని అంతకన్నా పావు హెర్ట్జ్ ఎక్కువలో ఉంచితే, ఆ రెండూ కలిసిన ధ్వని నాలుగు సెకన్లకోసారి పెరిగి తగ్గుతుంది. తాళవాద్యం లేని ఈ రచనకు నడక ఇచ్చేది ఆ హెచ్చుతగ్గులే. ఆ తర్వాత, ధ్వనిలోని పై స్థాయిలను అణచి ఉంచే ఫిల్టర్‌ను నిమిషాల తరబడి, ఎక్కడా కుదుపు తెలియకుండా తెరుస్తూ పోతారు. అంతవరకు అణిగి ఉన్న అనుస్వరాలు, అంటే మూలస్వరంతో పాటే పుట్టే పై స్వరాలు, ఒక్కొక్కటిగా పైకి తేలి, ఎవరూ విడిగా మోగించని పంచమం స్పష్టంగా వినబడుతుంది. చక్కగా శ్రుతి చేసిన తంబురాలో, ఆ స్వరానికి తీగ లేకపోయినా అంతర గాంధారం పలకడం ఎరిగినవారికి ఇది వింతేమీ కాదు. మార్పు ఎప్పుడు మొదలైందో పట్టుకోలేకపోవడమే ఇందులోని పనితనం. ఆరో నిమిషం నుంచి ఒక్కసారి వెనక్కి వెళ్లి మొదటి నిమిషం వింటే, రెండూ ఒకే రచనలోవంటే నమ్మబుద్ధి కాదు.

ఈ పద్ధతికి ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికన్ స్వరకర్త లా మోంట్ యంగ్ 1960లో కేవలం రెండు స్వరాలను, అవి షడ్జ పంచమాల దూరంలో ఉన్నవి, చాలాసేపు పట్టి నిలపమని చెప్పే రచన చేశారు. 1970లో అమెరికా వెళ్లిన, హిందుస్థానీ సంగీతంలో కిరానా ఘరానా అనే సంప్రదాయానికి చెందిన గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ వద్ద యంగ్, మరో అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ శిష్యరికం చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన స్వరకర్త ఎలియాన్ రాదిగ్ ఏఆర్‌పీ 2500 సింథసైజర్‌ను కీబోర్డు లేకుండానే తెచ్చుకుని, దాని మీటలను అతి నెమ్మదిగా తిప్పుతూ దశాబ్దాలపాటు పనిచేశారు. మృత్యువు ఇతివృత్తంగా ఆమె కూర్చిన మూడు భాగాల రచన దాదాపు మూడు గంటలు సాగుతుంది. దాన్ని జోలపాట కింద జమకట్టడానికి ఎవరికైనా మనసొప్పుతుందా? ఇక 1978లో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ వెలువరించిన బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో, పట్టించుకోకపోయినా ఇబ్బంది పెట్టని, శ్రద్ధగా వింటే అంతే ఆసక్తి కలిగించే సంగీతం కావాలని రాశారు. అందులో మొదటి సగాన్నే లోకం పట్టుకుంది, మీ సమీక్షకులూ అదే పట్టుకున్నారు.

వినే సాధనం సంగతి కూడా ఆ పరిచయంలో లేదు. సెల్‌ఫోన్ స్పీకరు 100 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వనిని దాదాపుగా వినిపించలేదు. మంద్రస్థాయి మీదే నిలబడిన రచనను దానిలో విన్నవారికి ఏమీ జరగనట్టే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. సమీక్షకులు అలాగే విన్నారని నేననడం లేదు, కానీ పాఠకుల్లో చాలామంది వినేది అలాగే కాబట్టి మంచి హెడ్‌ఫోన్స్ అవసరమని ఒక్క మాట రాయవలసింది.

డ్రోన్ అన్నదల్లా గొప్పదని నా వాదన కాదు. ఒక మీట నొక్కి పట్టి, దానికి బోలెడంత ప్రతిధ్వని తగిలించి, ధ్యానం పేరుతో వదిలే సరుకు కొల్లలుగా ఉంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్టు లెక్క; నలభై నిమిషాల రచనకూ రెండు నిమిషాల తునకకూ ఆ లెక్క ఒకటే అయినప్పుడు తునకలే పుట్టుకొస్తాయి. అలాంటిచోట తాలునూ గింజనూ వేరు చేసి చెప్పేవారి అవసరం మరింత ఎక్కువ. స్వరాలు ఒకదానిపై ఒకటి పనిచేస్తున్నాయా లేక పక్కపక్కన ఊరికే పడి ఉన్నాయా, మార్పుకు తీసుకున్న వ్యవధి న్యాయమైనదేనా, ముగింపు రచనలోంచి వచ్చిందా లేక శబ్దం తగ్గించి చేతులు దులుపుకున్నారా అని అడిగితే ఈ సంగీతాన్ని కూడా ఖచ్చితంగా తూచవచ్చు.

కాబట్టి ఆ ఆల్బమ్‌ను ఈ కోణంలో మరోసారి, మొదటినుంచి చివరిదాకా విని సమీక్షించవలసిందిగా కోరుతున్నాను. రెండో భాగం నడుమ సుమారు నాలుగు నిమిషాలు పట్టు సడలిందని నా అభిప్రాయం. మీ సమీక్షకులు దాన్ని ఎత్తిచూపితే సంతోషంగా చదువుతాను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు