వార్షిక నివేదిక: రోహిణి కార్తెలో మన కుందేళ్లు

మన బల్లార్‌పూర్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడు కొత్తగా నెత్తికెత్తుకున్నది మన పిల్లలు పెంచుకునే కుందేళ్ల పని కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

బల్లార్‌పూర్ ఎండ గురించి మీకు చెప్పాలా? మేలో 45 డిగ్రీలు మామూలే. మన మరాఠీ ఇరుగుపొరుగు నవతపా అనే తొమ్మిది రోజులూ మన రోహిణి కార్తెలోవే, రోళ్లు పగిలే ఎండ. కుందేలుకైతే 30 దాటితేనే కష్టం. మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. ఒట్టి ఫ్యాన్ గాలితో పెద్దగా లాభం లేదు.

గూళ్లకు పైన రేకులు వేద్దామన్నది నేనే. తప్పు నాదే. ఓ మధ్యాహ్నం వెనక లైన్ పాప ఏడుస్తూ వచ్చింది. వెళ్లి చూస్తే తెల్ల కుందేలు కాళ్లు బారజాపి పడి ఉంది. చెవులు ఎర్రబడ్డాయి, గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసింది. ఎవరో బకెట్‌లో ముంచబోతే పాప వాళ్లమ్మ అడ్డుపడ్డారు. నయమే, అలాంటప్పుడు చన్నీళ్లలో ముంచితే షాక్‌తో ప్రాణం పోవచ్చు. ఆవిడ రుమాలు కుండ నీళ్లతో తడిపి చెవులకు అద్దుతూ కూర్చున్నారు. ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. బతికింది.

మర్నాడే గూళ్లను వేపచెట్టు కిందికి మార్చి, రేకుల మీద వరిగడ్డి మందంగా పరిచాం. పడమటి వైపు తడి గోనెపట్టాలు కట్టి, మిగతా వైపులు గాలికి వదిలేశాం. లోపల ఓ బండ ముక్క, గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్. నీళ్లకు మట్టి మూకుడు, ప్లాస్టిక్ గిన్నెలైతే తన్నేస్తున్నాయి. బాటిళ్ల వల్ల ఫ్రిజ్‌లో కుల్ఫీకి చోటు లేదన్న ఫిర్యాదును కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వానాకాలం ఇంకో తలనొప్పి. తడిసిన గడ్డి బూజు పడుతుంది. తోక కింద మురికి ఉంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది, అందుకే పిల్లలు రోజూ చూస్తున్నారు. ఉరుములకూ దీపావళి టపాసులకూ వెనక్కాళ్లతో నేలను ధబీమని కొడతాయి. రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టెలో గడ్డి నింపితే దూరి కూర్చుంటాయి. బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంటే ఇంకా బెదురుతాయి. ఈ మాట పిల్లలకంటే పెద్దలకే ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చింది. పూటంతా మేత ముట్టకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, పేగుల కదలిక ఆగిపోయి చచ్చిపోతాయి.

చలికి పొడి గడ్డి, గాలికి అడ్డంగా ఓ పరదా సరిపోయాయి.

వచ్చే ఎండాకాలానికి రేకులు తీసి పెంకులు వేయాలని తీర్మానం పెడుతున్నాను. పాత పెంకులున్నవారు సమావేశం అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
కార్యదర్శి