గణిత దినోత్సవం నాడు పిల్లల చేత లెక్క చేయించండి

సంపాదకులకు నమస్కారం.

రామానుజన్ పుట్టిన డిసెంబర్ 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గత ఏడాది ఒక బడివాళ్లు పిలిస్తే వెళ్లాను. ఆరుగురు పిల్లలు వరసగా వచ్చి రామానుజన్ సంఖ్యగా పేరుపడ్డ 1729 గురించి ఒకే ప్రసంగం అప్పజెప్పారు. ఒక్కరూ సుద్దముక్క పట్టుకోలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, చాలా బాధనిపించింది.

మా తరగతిలో నేను బోర్డు మీద రాసే సంఖ్య ఒకటుంది: 147573952589676412927. రెండును 67 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇదొస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి రాశాడు. కాదని 1876లో లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త తేల్చాడు. అయితే దేనితో భాగిస్తే శేషం లేకుండా పోతుందో ఆయనకూ తెలియదు! కారణాంకం ఒక్కటీ దొరక్కుండానే ఆ మాట ఎలా చెప్పగలిగాడని తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను వదిలేవారు కాదు.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం జరిగింది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ బోర్డు దగ్గరికెళ్లి 193707721ని 761838257287తో గుణించి చూపించాడు. సరిగ్గా మన సంఖ్యే వచ్చింది. ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడని, ఆ రెండింటినీ పట్టుకోవడానికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయని చెబుతారు.

ఇది మన పిల్లలు కాగితం మీద చేయగలిగిన గుణకారమే. చాలా కాలిక్యులేటర్లలో చివరి అంకెలు కనపడవు కాబట్టి చేత్తో చేయక తప్పదు. తప్పు పోయిందేమో చూసుకోవడానికి మన పాత పద్ధతి ఉంది. మొదటి సంఖ్యలో అంకెలన్నీ కూడితే 37, దాన్ని కూడితే 10, చివరికి 1. రెండోదానికి 64, అదీ 1కే వస్తుంది. లబ్ధానికి 109, మళ్లీ 1. ఇది కుదరకపోతే ఎక్కడో తప్పు చేసినట్టే. కుదిరినంత మాత్రాన తప్పు లేదని కాదు, అది కూడా పిల్లలకు చెప్పాలి.

గుణించడానికి ఒక పీరియడ్ చాలు, విడగొట్టడానికి ఏళ్లు పడుతుంది. ఇంటర్నెట్‌లో మన లావాదేవీల భద్రతకు వాడే ఒక ముఖ్యమైన పద్ధతి ఈ తేడా మీదే నిలబడి ఉంది. అక్కడ వాడే సంఖ్యలకు ఆరు వందలకు పైగా అంకెలుంటాయి. ఈ సంగతి పదో తరగతి దాటేలోపు ప్రతి విద్యార్థికీ తెలియాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈసారి ప్రసంగాల పోటీలు తగ్గించి, ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక గంట ఇలాంటి లెక్కకు కేటాయించాలి. మీ పత్రిక కూడా సాయం చేయవచ్చు. 179951, 3203431780337 — ఈ రెండింటి లబ్ధం కూడా ఆ కోవలోదే, రెండును 59 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. డిసెంబర్ 22న ఈ రెండు సంఖ్యలనే అచ్చువేసి, జవాబు మర్నాడు ఇవ్వండి.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తెనాలి