సిస్టర్లకి ఆ పది నిమిషాలు దొరికేలా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అమ్మకి 66 ఏళ్లు. రెండేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేశారు, ఈ మధ్య ఆయాసం ఎక్కువైందని తీసుకెళ్తే ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయింది అన్నారు. ఆరు రోజులు ఉంచి డిశ్చార్జ్ చేశారు. చేతిలో ఫైలు పెట్టారు, అందులో తొమ్మిది రకాల మందులు, కింద ఇంగ్లీషులో ఉప్పు తగ్గించాలి నీళ్లు తగ్గించాలి అని ఒక్క లైను. అది చదివి చెప్పినవాళ్లు కూడా లేరు, ఆ రోజంతా బిల్లు కౌంటర్ దగ్గరే సరిపోయింది.

పన్నెండో రోజుకి మళ్లీ అదే వార్డు. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడట్లేదని కుర్చీలోనే కునికేది, మెట్టెలు బిగుసుకుపోతున్నాయే అంటే వయసు కదా అనుకున్నాం.

ఈసారి నైట్ డ్యూటీలో ఒక సిస్టర్ గారు ఉన్నారు. అమ్మ మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కిపెట్టి తీశారు, అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇదంతా నీరే అమ్మా అని చెప్పి, పెరుగన్నంలోకి ఏం నంజుకుంటారు అని అడిగారు. అమ్మ మాగాయ అంది. కూరల్లో ఉప్పు బాగా తగ్గించేశానమ్మా, నోటికి ఏమీ రుచించక అదొక్కటే అని. రెండు పూటలా మాగాయ, పైన అప్పడం! డాక్టర్లు ఎప్పుడడిగినా ఉప్పు తగ్గించాననే చెప్పింది, అబద్ధం చెప్పలేదు పాపం, పచ్చడిలోది కూడా ఆ లెక్కలోకే వస్తుందని ఆవిడకీ తట్టలేదు మాకూ తట్టలేదు. బయటికెళ్లే రోజు బస్సులో బాత్రూమ్ ఇబ్బందని నీరు తీసే మాత్ర మానేస్తోందని కూడా ఆ సిస్టరే రాబట్టారు. మానొద్దు, అలాంటి రోజు ఏ టైముకి వేసుకోవాలో డాక్టర్ గారిని అడిగి చెప్తా అన్నారు, పొద్దున్నే డ్యూటీ దిగేముందు వచ్చి చెప్పి మరీ వెళ్లారు.

ఇంకోటి, రోజూ లేవగానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, టిఫిన్‌కి ముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి కేలండర్ మీద రాయమన్నారు, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు రావడం కాదు నీరు పట్టడం, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా వచ్చేయండి అన్నారు. అంతా కలిపి పది నిమిషాలు. ఐదు నెలలైంది, మళ్లీ అడ్మిట్ అవ్వలేదు. ఒకసారి 54 నుంచి 56కి పెరిగితే అదే రోజు వెళ్లాం, ఓపీలోనే చూసి డోసు మార్చి పంపేశారు.

మరి మొదటిసారి ఎందుకు చెప్పలేదంటే సిస్టర్లని తప్పుపట్టలేం. ఆ రాత్రి నేను లెక్కపెట్టాను, 24 మందికి ఇద్దరే. యాంజియోగ్రామ్ అయినవాళ్ల చెయ్యి దగ్గర రక్తం వస్తోందా వేళ్లు చల్లబడుతున్నాయా చూడాలి, మానిటర్ మోగితే పరిగెత్తాలి, ఎవరికి యూరిన్ ఎంతొచ్చిందో కొలిచి రాయాలి, మళ్లీ ఇన్సూరెన్స్ కాగితాలు కూడా వాళ్లే. మా అక్క కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆస్పత్రుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒకరు, మామూలు ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని తనే చెప్పింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 70 దాటిన 282 మంది హార్ట్ ఫెయిల్యూర్ (మా అమ్మలాగే గుండె సరిగా పంప్ చేయలేని) పేషెంట్ల మీద చేసిన స్టడీ 1995లో వచ్చిందట, అందులో సగం మందికి నర్సులు ముందుండి తిండీ మందులూ నేర్పించి, ఇంటికెళ్లాక కూడా కనిపెట్టుకుని ఉంటే, గుండె నీరసించి మళ్లీ అడ్మిట్ అవ్వడం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోయిందట. దానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు కదండీ, మనిషి కావాలి అంతే.

ఆ మనిషి నిలవాలంటే జీతం ఉండాలి. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేట్ ఆస్పత్రి అయినా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదంది. మొన్న చెకప్‌కి వెళ్తే అమ్మ ఆ కేలండర్ సంచిలో పెట్టుకుని తెచ్చింది సిస్టర్‌కి చూపిద్దామని, ఆవిడ జీతం చాలక మానేసి ఖతర్ వెళ్లిపోయారట.

ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) 2007 నుంచి ఉంది, పేదవాళ్ల స్టెంట్లకీ బైపాస్‌లకీ డబ్బులు కడుతోంది, చాలా మంచిది. ఆ ప్యాకేజీలోనే డిశ్చార్జ్ రోజు ఒక సిస్టర్ కూర్చుని ఇంట్లోవాళ్లకి తెలుగులో చెప్పడం, ఒక కాగితం తెలుగులో ఇవ్వడం, వారం తిరిగేలోపు ఒక ఫోన్ చేసి బరువెంత కాళ్లు ఎలా ఉన్నాయి అని అడగడం, ఈ మూడూ తప్పనిసరి చేయమని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనీ మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక కూతురు, గుంటూరు జిల్లా